హార్బర్ రేట్ల పేజీకి క్యాష్ పెట్టాం, రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ వేరే రేటు వస్తోంది (జాంగో)

తీరం_కోడర్
మంగళవారం, ఉదయం 8:12

అందరికీ నమస్కారం. విశాఖ మధురవాడలో ముగ్గురం కలిసి, పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జాంగోతో ఒక చిన్న యాప్ నడుపుతున్నాం. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారగట్ల వేలం మొదలయ్యాక ఏ చేప కిలో ఎంత పలుకుతోందో మా కుర్రాడు అక్కడే నిలబడి ఫోన్లోంచి ఎక్కిస్తాడు. ఊళ్లో మెస్సులవాళ్లు, బుట్టలతో వీధుల్లో చేపలమ్ముకునే ఆడవాళ్లు అది చూసుకుని బయల్దేరతారు.

నాలుగున్నర నుంచి ఆరు దాకా జనం ఒక్కసారిగా మీద పడతారు. రేట్ల పేజీ ఒక్కసారి తెరిస్తే డేటాబేస్‌కి 41 క్వెరీలు (ప్రశ్నలు) వెళ్తున్నాయి, నాలుగైదు సెకన్లు పడుతోంది. అందుకని పోయిన వారం రేట్ల పట్టికను క్యాష్‌లో (ఒకసారి తెచ్చిన జవాబుని దాచుకుని మళ్లీ వాడుకునే చోటు) పెట్టాను. కుర్రాడు కొత్త రేటు ఎక్కించగానే పాత కీని (ఏ పేరుతో దాచామో అది) డిలీట్ చేస్తున్నాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేసింది, టెస్టులన్నీ పాసయ్యాయి.

ఈ రోజు పొద్దున 5:10కి హార్బర్ గేటు దగ్గర ఒక పెద్దమ్మ నన్ను ఆపి ఫోన్ చూపించింది. వంజరం 620. వేలితో స్క్రీన్ కిందికి లాగింది, 580 అయింది. మళ్లీ లాగింది, 620. "ఏది నమ్మాల బాబూ?" అంది. ఆవిడ రోజూ ఇరవై కిలోలు ఎత్తుకుంటుంది. కిలోకి నలభై తేడా అంటే 800 రూపాయలు. నాకు నోట మాట రాలేదు.

ఎక్కడ తప్పు చేశానో చెప్పండి, ప్లీజ్.

సిరిపురం_సర్వర్
మంగళవారం, ఉదయం 8:31

తమ్ముడూ, రెండు సంగతులు చెప్పు. సెట్టింగ్స్ ఫైల్లో క్యాష్‌కి ఏం రాశావు? సర్వర్ మీద యాప్‌ని నడిపే గునికార్న్ ఎన్ని వర్కర్లతో (పక్కపక్కన నడిచే యాప్ ప్రాసెస్‌లతో) నడుస్తోంది?

తీరం_కోడర్
మంగళవారం, ఉదయం 8:40

క్యాష్ సెట్టింగ్ అసలు ఏమీ రాయలేదక్కా. రాయకపోయినా పనిచేసింది కదా అని వదిలేశాను. వర్కర్లు నాలుగు.

సిరిపురం_సర్వర్
మంగళవారం, ఉదయం 9:05

అక్కడే ఉంది అసలు సంగతి. ఏమీ రాయకపోతే జాంగో లోకల్ మెమరీ క్యాష్ వాడుతుంది. అది ఆ ప్రాసెస్ మెమరీలోనే ఉంటుంది, పక్క ప్రాసెస్‌కి కనబడదు. నీకు నాలుగు వర్కర్లంటే నాలుగు క్యాష్‌లు. ఒకే కొట్లో నలుగురు గుమాస్తాలు ఎవరి చిట్టా వాళ్లు రాసుకుంటున్నట్టు.

మీ కుర్రాడు 580 ఎక్కించినప్పుడు ఆ రిక్వెస్ట్ ఒక్క వర్కర్‌కే వెళ్లింది. ఆ వర్కర్ తన దగ్గరున్న కాపీ చెరిపేసుకుంది. మిగతా మూడింటి దగ్గర 620 అలాగే ఉండిపోయింది. టైమ్‌అవుట్ (దాచినది ఎంతసేపు ఉండాలో ఆ గడువు) కూడా నువ్వు ఇవ్వలేదు కాబట్టి డిఫాల్ట్‌గా 300 సెకన్లు, అంటే అయిదు నిమిషాల దాకా ఆ పాత రేటు కదలదు. పెద్దమ్మ స్క్రీన్ లాగిన ప్రతిసారీ ఏ వర్కర్ దొరికితే దాని రేటు కనబడింది.

ల్యాప్‌టాప్‌లో జాంగోతో వచ్చే రన్‌సర్వర్‌తో నడిపావు. అక్కడ జవాబిచ్చే ప్రాసెస్ ఒక్కటే. ఈ తప్పు అక్కడ కనబడే అవకాశమే లేదు.

నా మాట ఊరికే నమ్మకు, నువ్వే చూసుకో. రెస్పాన్స్ హెడర్‌లో (జవాబుతో పాటు వెళ్లే వివరాల్లో) ప్రాసెస్ నంబర్ పెట్టి, ఒక రేటు మార్చి, వెంటనే కర్ల్‌తో ఇరవై సార్లు పేజీ తెప్పించు. పక్కపక్కన రాసి ఇక్కడ పెట్టు.

తీరం_కోడర్
మంగళవారం, ఉదయం 9:48

చేశానక్కా. నాలుగు ప్రాసెస్ నంబర్లు వచ్చాయి. ఒక నంబరున్న జవాబులన్నిట్లో కొత్త రేటు, మిగతా మూడు నంబర్లలో పాతది. ఇరవైలో పదహారు పాతవే! వారం రోజులుగా ఇలాగే నడుస్తోందన్నమాట. నిద్ర పట్టదు ఈ రాత్రి.

గాజువాక_పైథాన్
మంగళవారం, ఉదయం 10:20

టెన్షన్ పడకు, సరిచేయడం తేలికే. అందరూ చూసే ఒకే చోట క్యాష్ పెట్టాలి. రెడిస్ అని మెమరీలోనే డేటా దాచే వేరే సర్వర్ ఉంది, జాంగో 4.0 నుంచి దాని బ్యాకెండ్ లోపలే వస్తోంది, వేరే ప్యాకేజీ వెతుక్కోనక్కర్లేదు, పైథాన్ రెడిస్ క్లయింట్ ఒక్కటి ఇన్‌స్టాల్ చేసుకుంటే చాలు. సెట్టింగ్స్‌లో బ్యాకెండ్ పేరు, రెడిస్ చిరునామా, కీ ప్రిఫిక్స్ (మన కీల ముందు చేర్చే పేరు), టైమ్‌అవుట్ ఈ నాలుగూ నీ చేత్తో రాయి. ఏదీ డిఫాల్ట్‌కి వదలకు. రాసి ఉంటే రేపు చదివేవాడు ఒకసారి ఆలోచిస్తాడు.

రెడిస్ వైపు కూడా ఒక పని ఉంది. ఎంత మెమరీ వాడుకోవాలో హద్దు పెట్టు, డిఫాల్ట్‌గా దానికి హద్దు ఉండదు. హద్దు పెట్టి, నిండితే ఏం చెయ్యాలన్న పాలసీ మార్చడం మరిచిపోతే మెమరీ నిండిన క్షణం నుంచి పాతవి తీసెయ్యకుండా కొత్తగా రాయబోయే ప్రతిదానికీ ఎర్రర్ ఇస్తుంది. క్యాష్‌కైతే ఎక్కువ కాలంగా ఎవరూ ముట్టుకోని కీలను ముందు తీసేసే పాలసీ పెట్టుకోవాలి.

పెందుర్తి_విద్యార్థి
మంగళవారం, ఉదయం 11:02

నేను ఫైనల్ ఇయర్. ఒక డౌట్ అండి. జాంగోలో డేటాబేస్ క్యాష్, ఫైల్ క్యాష్ అని కూడా ఉన్నాయి కదా, అవి పెట్టుకుంటే రెడిస్ ఎందుకు? అసలు వ్యూ (పేజీని తయారుచేసే ఫంక్షన్) మీద క్యాష్ పేజ్ డెకరేటర్ ఒక్క లైను రాస్తే అయిపోయే పనికి ఇంత ఎందుకు?

సిరిపురం_సర్వర్
మంగళవారం, ఉదయం 11:40

మంచి ప్రశ్నలు. మొదటిదానికి: డేటాబేస్ క్యాష్ కూడా నాలుగు వర్కర్లకీ ఒకటే కాబట్టి ఈ తప్పు రాదు. క్యాష్ టేబుల్ తయారుచేసే కమాండ్ ఒకసారి నడిపితే చాలు. 41 క్వెరీల చోట ఒకటి అవుతుంది, చిన్న యాప్‌కి అది చెడ్డ బేరం కాదు. కానీ ఏ డేటాబేస్‌కి బరువు తగ్గిద్దామనుకున్నామో దాని దగ్గరికే మళ్లీ వెళ్తున్నాం. ఫైల్ క్యాష్ ఫైళ్లు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది, నేనైతే వాడను. రెడిస్ లాంటిదే మెమ్‌క్యాష్‌డ్ కూడా ఈ పనికి బాగుంటుంది. దాంట్లో కీ 250 అక్షరాలు దాటకూడదు, ఒక్కో విలువ మామూలుగా 1 ఎంబీ లోపు ఉండాలి, అంతే.

రెండోదే అసలు ప్రశ్న. క్యాష్ పేజ్ డెకరేటర్ రెండు పనులు చేస్తుంది. పేజీని సర్వర్ దగ్గర దాస్తుంది. దాంతోపాటు "ఇన్ని సెకన్లు నువ్వూ దాచుకో" అని బ్రౌజర్‌కి క్యాష్ కంట్రోల్ హెడర్‌లో మ్యాక్స్ ఏజ్ కూడా పంపిస్తుంది. పది నిమిషాలని రాస్తే పది నిమిషాలూ ఆ పేజీ పెద్దమ్మ ఫోన్లో కూడా ఉండిపోవచ్చు. నువ్వు సర్వర్ దగ్గర ఎంత డిలీట్ చేసినా ఆవిడ చేతిలో ఉన్న కాపీని నువ్వు చెరపలేవు. నిమిషనిమిషానికీ మారే రేటుకి అది పనికిరాదు. ఎప్పుడో కాని మారని పేజీలకి వాడు.

ఇంకోటి కూడా ఉంది. వ్యూ గానీ టెంప్లేట్ గానీ సెషన్‌ని (ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుపెట్టుకునేది) ముట్టుకుంటే, లేదా ఫారమ్‌లో సీఎస్ఆర్‌ఎఫ్ టోకెన్ (నకిలీ ఫారమ్‌లని అడ్డుకునే రహస్య గుర్తు) ఉంటే, జాంగో ఆ జవాబుకి "కుకీని బట్టి మారుతుంది" అని వేరీ హెడర్ తగిలిస్తుంది. ఒకరి పేజీ ఇంకొకరికి వెళ్లకుండా కాపాడేది అదే, దాన్ని తీసెయ్యకూడదు. కానీ మీ సైట్లో అనలిటిక్స్ స్క్రిప్ట్ ఉంటే ప్రతి మనిషికీ వేరే కుకీ పెడుతుంది. కుకీ హెడర్ మొత్తం కీలోకి వెళ్తుంది కాబట్టి వెయ్యిమంది వస్తే వెయ్యి కాపీలు. క్యాష్ ఉన్నట్టే ఉంటుంది, ఒక్కరికీ ఉపయోగపడదు. నేను ఒకసారి రెండు రోజులు దీని వెనక పడ్డాను.

అందుకే తమ్ముడు చేసిన పద్ధతే సరైనది. పేజీ మొత్తం కాకుండా ఖరీదైన ఆ ఒక్క పట్టికనే మన కీ పెట్టుకుని దాచడం. కీ మన చేతిలో ఉంటే చెరపడం కూడా మన చేతిలో ఉంటుంది.

మద్దిలపాలెం_క్యూఏ
మంగళవారం, మధ్యాహ్నం 1:15

"టెస్టులన్నీ పాసయ్యాయి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఏ సెట్టింగ్స్‌తో నడిపారు అవి?

తీరం_కోడర్
మంగళవారం, మధ్యాహ్నం 1:22

టెస్టుల్లో క్యాష్ అడ్డం రాకూడదని డమ్మీ క్యాష్ పెట్టానండి.

మద్దిలపాలెం_క్యూఏ
మంగళవారం, మధ్యాహ్నం 2:10

అనుకున్నాను. డమ్మీ క్యాష్ ఏదీ దాచదు. ఎప్పుడు అడిగినా లేదనే అంటుంది. కాబట్టి ప్రతిసారీ డేటాబేస్ నుంచి తాజా రేటే వస్తుంది. పాత రేటు వచ్చే దారే లేనప్పుడు టెస్ట్ ఎలా ఫెయిలవుతుంది? మీరు డిలీట్ చేసే లైను మొత్తం తీసేసినా ఆ టెస్టులు పాసవుతాయి. ఇప్పుడే తీసేసి చూడండి.

నేను మా టీంలో ఎలా చేస్తానో చెప్తాను.

లాజిక్ టెస్టులకి లోకల్ మెమరీ క్యాష్ పెడతాను, దానికి వేరే పేరిచ్చి. ప్రతి టెస్ట్ మొదట్లో క్యాష్ క్లియర్ చేస్తాను. ఇది చాలామంది మరిచిపోతారు. జాంగో టెస్టులకి డేటాబేస్ వేరేగా తయారుచేస్తుంది, ప్రతి టెస్ట్ అయ్యాక వెనక్కి తిప్పేస్తుంది. క్యాష్‌ని మాత్రం ముట్టుకోదు. మొదటి టెస్టులో దాచిన 620 రెండో టెస్టులో బయటికొస్తుంది. ఒంటరిగా నడిపితే పాస్, అన్నీ కలిపి నడిపితే ఫెయిల్ అనే టెస్ట్ మీ దగ్గర ఉంటే మొదట అనుమానించాల్సింది ఇదే.

తర్వాత క్వెరీల లెక్క. క్వెరీలు లెక్కపెట్టే అసర్ట్ నమ్ క్వెరీస్‌తో మొదటిసారి పేజీ తెరిస్తే 41, రెండోసారి సున్నా అని రాయండి. క్యాష్ నిజంగా పనిచేస్తోందని చెప్పేది ఆ సున్నాయే. ఆపైన రేటు మార్చి మళ్లీ తెరిచి, కొత్త రేటు వచ్చిందా అని చూడండి. ఈ రెండూ పక్కపక్కన ఉండాలి. మొదటిది మాత్రమే ఉంటే ఎప్పటికీ మారని పేజీ కూడా పాసైపోతుంది.

టైమ్‌అవుట్ పరీక్షించడానికి టెస్టులో నిద్రపుచ్చొద్దు. గడియారాన్ని ముందుకు జరిపే లైబ్రరీ వాడండి. లోకల్ మెమరీ క్యాష్ పైథాన్ గడియారమే చూస్తుంది కాబట్టి అది మోసపోతుంది. రెడిస్ మోసపోదు, దాని గడువు దాని సర్వర్‌లోనే లెక్కపెట్టుకుంటుంది.

ఇవన్నీ పాసైనా మీ పెద్దమ్మ చూసిన తప్పు ఇంకా దొరకదు, ఎందుకంటే టెస్టులు నడిచేది ఒకే ప్రాసెస్‌లో. దానికి స్టేజింగ్ సర్వర్ (లైవ్‌కి ముందు పరీక్షించే సర్వర్) మీద లైవ్‌లో లాగే నాలుగు వర్కర్లు, నిజమైన రెడిస్ పెట్టి ఒక చిన్న స్క్రిప్ట్ నడపాలి. రేటు మార్చు, యాభై సార్లు చదువు, ఒక్కటి తేడా వచ్చినా ఆపెయ్. డిప్లాయ్‌కి ముందు ప్రతిసారీ.

గాజువాక_పైథాన్
మంగళవారం, సాయంత్రం 4:45

టెస్టులో క్యాష్ క్లియర్ అన్నారు కాబట్టి నాకు జరిగింది చెప్పాలి. రాయడానికి ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

ఇంతకుముందు పనిచేసిన చోట టెస్టులకి వేరే సెట్టింగ్స్ ఫైల్ లేదు. రెడిస్ చిరునామా ఎన్విరాన్‌మెంట్ ఫైల్లోంచి వచ్చేది. ఏదో బగ్ చూద్దామని నా మెషీన్లో లైవ్ చిరునామా పెట్టుకున్నాను, తీసెయ్యడం మరిచిపోయాను. పొద్దున పదకొండింటికి టెస్టులు నడిపాను. జాంగో రెడిస్ బ్యాకెండ్‌లో క్లియర్ అంటే మన కీలు మాత్రమే తీసెయ్యడం కాదు, ఆ రెడిస్ డేటాబేస్ మొత్తాన్నీ ఊడ్చేస్తుంది. కీ ప్రిఫిక్స్ పెట్టుకున్నాం కదా అనుకుంటే అది కాపాడదు. యూజర్ల సెషన్లు కూడా అక్కడే ఉన్నాయి. లాగిన్ అయి ఉన్నవాళ్లంతా ఒక్క దెబ్బకి బయటికొచ్చేశారు. క్యూలో నిలబడిన మెయిల్ పనులు కూడా అక్కడే ఉన్నాయి, అవీ పోయాయి. మధ్యాహ్నం దాకా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

కాబట్టి తమ్ముడూ, టెస్ట్ సెట్టింగ్స్‌లో చిరునామాని ఫైల్లోనే రాసెయ్, బయటినుంచి తీసుకోకు. సెషన్లు, క్యూలు క్యాష్ ఉన్న డేటాబేస్ నంబర్లో పెట్టకు. క్యాష్ అంటే ఏ క్షణమైనా మొత్తం పోయినా ఫర్వాలేనిదే ఉండాలి.

ఎంవీపీ_మాస్టారు
మంగళవారం, రాత్రి 9:30

ఆలస్యంగా చూశాను. రెడిస్‌కి మారాక కూడా మీకు పాత రేటు అప్పుడప్పుడు కనబడుతుంది. ముందే చెప్పడం మంచిది.

రేటు సేవ్ చేసే వ్యూ ట్రాన్సాక్షన్‌లో (కమిట్, అంటే ఖరారు అయ్యేదాకా మార్పు బయటివాళ్లకి కనబడని పద్ధతిలో) నడుస్తోందా? అలాగైతే వరస చూడండి. మీరు కొత్త రేటు రాశారు, కానీ కమిట్ కాలేదు. ఈలోపే క్యాష్ చెరిపారు. ఆ క్షణంలో ఇంకో రిక్వెస్ట్ వచ్చింది. క్యాష్‌లో లేదు, డేటాబేస్‌ని అడిగింది. అక్కడ కమిట్ కాలేదు కాబట్టి పాతదే వచ్చింది. దాన్ని మళ్లీ క్యాష్‌లో పెట్టింది. తర్వాత మీది కమిట్ అయింది. ఇప్పుడు డేటాబేస్‌లో 580, క్యాష్‌లో 620, చెరిపే పని ఎప్పుడో అయిపోయింది. టైమ్‌అవుట్ దాకా ఎవరూ సరిచేయరు. జనం ఎక్కువున్న వేళే ఇది జరుగుతుంది, మీకు జనం ఎక్కువుండేది వేలం వేళే.

ఆన్ కమిట్ అనే హుక్ ఉంది, చెరిపే పని దాంట్లో పెట్టండి. కమిట్ అయ్యాకే నడుస్తుంది. అప్పుడు కూడా వెంట్రుకవాసి సందు ఒకటి మిగులుతుంది: కమిట్‌కి ముందు చదివినవాడు, మీరు చెరిపిన తర్వాత రాయడం. అందుకే టైమ్‌అవుట్ చిన్నదిగా పెట్టుకోవాలి. చెరపడం మీద నమ్మకం ఉన్నా సరే.

టెస్టుల్లో ఇది మిమ్మల్ని తికమక పెడుతుంది. మామూలు టెస్ట్‌కేస్ క్లాస్ ఎప్పుడూ కమిట్ చేయదు కాబట్టి మీ హుక్ నడవదు. కోడ్ సరిగ్గా ఉన్నా టెస్ట్ ఫెయిలవుతుంది. జాంగో 3.2 నుంచి ఆ కాల్‌బ్యాక్‌లని పట్టుకుని నడిపించే క్యాప్చర్ ఆన్ కమిట్ కాల్‌బ్యాక్స్ వచ్చింది, ఎగ్జిక్యూట్ ట్రూ అని ఇచ్చి వాడండి.

మరొకటి. చెరిపే పని పోస్ట్ సేవ్ సిగ్నల్‌లో (రికార్డ్ సేవ్ కాగానే జాంగో ఇచ్చే కబురులో) పెట్టి ఉంటే, ఒకేసారి చాలా రికార్డులు రాసే క్వెరీసెట్ అప్‌డేట్‌తో గానీ బల్క్ క్రియేట్‌తో గానీ మార్చినప్పుడు ఆ సిగ్నల్ రాదు.

తీరం_కోడర్
మంగళవారం, రాత్రి 10:05

మాస్టారూ, సరిగ్గా అలాగే ఉంది. చెరిపేది ట్రాన్సాక్షన్ లోపలే. పైగా కుర్రాడు "అన్ని సైజులకీ ఇదే రేటు" అని నొక్కితే అప్‌డేట్‌తో మారుస్తున్నాను, సిగ్నల్ ఎప్పుడూ రాలేదన్నమాట. డిలీట్ లైను తీసేసి కూడా చూశాను, క్యూఏ గారు చెప్పినట్టే టెస్టులన్నీ పాస్. చూస్తుంటే భయమేసింది.

ఒక్కటి అడుగుతాను. టైమ్‌అవుట్ ఎంత పెట్టాలి? ఎక్కడ చూసినా ఒక్కో అంకె రాశారు.

సిరిపురం_సర్వర్
బుధవారం, ఉదయం 7:20

ఆ అంకె జాంగో పుస్తకంలో దొరకదు, హార్బర్‌లో దొరుకుతుంది. ఎంత పాత రేటు చూస్తే మనిషి నష్టపోతాడు? వేలం నడుస్తుండగా అరనిమిషం పాతదైతే ఎవరికీ నష్టం లేదు, అయిదు నిమిషాలు పాతదైతే ఉంది. కాబట్టి వేలం వేళ 30 సెకన్లు. తొమ్మిది దాటాక పది నిమిషాలు పెట్టినా చాలు. నిన్నటి సగటు రేట్ల గ్రాఫ్ మారేదే కాదు, రోజంతా ఉంచు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఆ 61 రోజులూ మర పడవలు కదలవు. చిన్న తెప్పల చేపలే వస్తాయి, రేటు రోజుకి ఒకటి రెండు సార్లు మారితే గొప్ప. ఆ అంకెలు కోడ్‌లో అక్కడక్కడా గుచ్చకుండా సెట్టింగ్స్‌లో ఒకచోట పెట్టుకుంటే సీజన్ మారినప్పుడు మార్చడం సులువు. ఒక జాగ్రత్త: టైమ్‌అవుట్‌కి నన్ (None) అని ఇస్తే ఎప్పటికీ పోదు, సున్నా ఇస్తే అసలు దాచదు. రెండూ ఒకటే అనుకుని తిప్పలు పడినవాళ్లని చూశాను.

30 సెకన్లకోసారి గడువు తీరిన క్షణాన వందమంది ఒకేసారి వస్తే వందమందీ 41 క్వెరీలు నడుపుతారు. మీ విషయంలో దానికి మందు సులువు. రేటు ఎక్కించేది ఒక్క మనిషే కాబట్టి ఆన్ కమిట్‌లో చెరపడంతో ఆగకుండా కొత్త పట్టిక తయారుచేసి అక్కడే క్యాష్‌లో పెట్టెయ్. గడువు తీరిన వేళ కోసం క్యాష్ యాడ్‌తో చిన్న తాళం పెట్టు. కీ ముందే ఉంటే అది ఫాల్స్ ఇస్తుంది, కాబట్టి ఒక్కరికే తాళం దొరుకుతుంది. ఆ ఒక్కరే లెక్కకట్టి దాస్తారు, మిగతావాళ్లు అర క్షణం ఆగి మళ్లీ చదువుతారు. తాళానికి కూడా అయిదు సెకన్ల గడువు ఇవ్వు, లేకపోతే పట్టుకున్న వర్కర్ మధ్యలో చచ్చిపోతే అందరూ గుమ్మంలోనే.

మద్దిలపాలెం_క్యూఏ
బుధవారం, ఉదయం 7:52

ఇంకో చిన్న మాట, ఇది క్యాష్ కన్నా పెద్దమ్మ గురించి. ప్రతి రేటు పక్కన అది ఎక్కించిన టైమ్ చూపించండి. "వంజరం 580, 5:07కి" అని. పేజీ తెరిచిన టైమ్ కాదు, మీ కుర్రాడు నొక్కిన టైమ్, పట్టికతో పాటే క్యాష్‌లోకి వెళ్లాలి. రేపు ఇంకెక్కడో తప్పు జరిగి పాత రేటు కనబడినా అది ఎప్పటిదో ఆవిడకి తెలుస్తుంది. మీ యాభై సార్ల స్క్రిప్ట్ కూడా రేటుతో పాటు ఆ టైమ్‌ని పోల్చుకోవచ్చు.

పెందుర్తి_విద్యార్థి
బుధవారం, ఉదయం 9:10

నా ప్రాజెక్టులో కూడా డమ్మీ క్యాషే ఉంది. ఇప్పుడే మార్చాను, పదకొండు టెస్టుల్లో మూడు ఫెయిలయ్యాయి. సంతోషించాలో లేదో తెలీట్లేదు కానీ థాంక్స్ అండి.

తీరం_కోడర్
శుక్రవారం, ఉదయం 7:05

నిన్న రాత్రి లైవ్‌కి ఎక్కించాను. రెడిస్ అదే మెషీన్లో, సెషన్లు డేటాబేస్‌లోనే వదిలేశాను. టెస్ట్ సెట్టింగ్స్ వేరే ఫైల్, చిరునామా అందులోనే. స్టేజింగ్‌లో నాలుగు వర్కర్లతో స్క్రిప్ట్ మొదటిసారి నడిపినప్పుడు యాభైలో రెండు తేడా వచ్చాయి. వెతికితే "అన్ని సైజులకీ" బటన్ దగ్గర ఆన్ కమిట్ పెట్టడం మరిచిపోయాను. పెట్టాక పదిసార్లు నడిపాను, ఒక్కటీ తేడా రాలేదు. క్యాష్‌లో ఉన్నప్పుడు పేజీకి క్వెరీలు సున్నా.

పొద్దున నాలుగున్నరకే హార్బర్‌కి వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. 5:20కి పెద్దమ్మ వచ్చింది. నేనే అడిగి ఫోన్ తీయించాను. వంజరం 590, పక్కన 5:18. స్క్రీన్ లాగింది, 590. లాగింది, 590. ఆవిడ నా మొహం చూసి, ఇంకో రెండుసార్లు లాగి, ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. "ఇది టయిమా?" అంది. అవునన్నాను.

"మరి చందువకి టయిము లేదేటి?" అంది. దాని వేలం ఇంకా మొదలవలేదు పెద్దమ్మా అన్నాను. సరేలే అని ఫోన్ బొడ్లో దోపుకుని లోపలికెళ్లింది.